కీచురాళ్లు, బావ, నా పదకొండు నెలల అలక

మా బావ మోటార్ల మేస్త్రి. నీళ్ల మోటారు, ఫ్యాను, మిక్సీ, పిండిమర, ఏది మొరాయించినా వీధిలో వాళ్లు ఆయన దగ్గరికే మోసుకొస్తారు. ఆయన దాన్ని వెంటనే విప్పడు. కరెంటిచ్చి తిప్పుతాడు. మూరెడు పొడవు స్క్రూడ్రైవరు మొనని దాని ఒంటికి ఆనించి, పిడిని తన చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంటాడు. కాసేపయ్యాక కళ్లు తెరిచి, వెనక బేరింగు పోయిందంటాడు. విప్పి చూస్తే పోయింది వెనక బేరింగే. ముప్పై ఏళ్లుగా ఇదే తంతు. అందుకే ఆయన్ని అందరూ డాక్టరంటారు. అసలు డాక్టరు ఒకాయన మా వీధి చివరే ఉన్నాడు కానీ, ఆయన్నెవరూ ఇంతగా నమ్మరు.

ఈ మధ్య రెండేళ్లుగా బావ పద్ధతి మార్చాడు. స్క్రూడ్రైవరు పిడిని చెవికి పెట్టుకోవడం మానేసి, పళ్లతో కరిచి పట్టుకుంటున్నాడు. అదేంటని అడిగినవాళ్లకి, చెవి మోసం చేస్తుంది, ఎముక చెయ్యదు అని చెప్పాడు. జనం ఇంకా మురిసిపోయారు. రోగం కూడా కచ్చితంగా పట్టుకుంటున్నాడు మరి.

నేను ఆయన మరదల్ని. దర్జీని. అక్కావాళ్లింటికీ నా ఇంటికీ మధ్య ఒకటే గోడ, వెనక ఇద్దరికీ కలిపి ఒకటే పెరడు, ఒకటే కుళాయి, బట్టలారేసుకునే తీగ కూడా ఒకటే. పెరట్లో ఓ పక్క రేకుల షెడ్డు, అదే బావ షాపు. నా మొగుడు లారీ డ్రైవరు, నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటాడు, అందుకే మా కాపురం చల్లగా ఉంది. అక్క మొగుడు ముప్పై రోజులూ ఇంట్లోనే ఉంటాడు. అదీ దాని బాధ.

ముందు నా బాధ చెప్పుకుంటాను. పోయినేడు స్కూళ్లు తెరిచే ముందు, చేతినిండా యూనిఫారాలు ఉండగా, నా కుట్టుమిషను మోటారు ఠక్కున ఆగింది. బావ కుళాయి కట్టేసి చేతులు దులుపుకుంటున్నాడు. నేను వెనక నిలబడి, బావా, నా మిషను ఒక్కసారి చూసిపెట్టవూ అని అడిగాను. ఈ నోటితో అంత మెత్తగా నేను నా మొగుడితో కూడా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన తువ్వాలు తీసుకుని, ఒక్కో వేలూ తీరిగ్గా తుడుచుకుని, నా మొహమైనా చూడకుండా షెడ్డులోకి వెళ్లిపోయాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఈ మనిషితో మళ్లీ మాట్లాడితే చెప్పుచ్చుకుని కొట్టండని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. మిషనుని పక్కవీధి మేస్త్రికిచ్చాను. వాడు బాగుచేసిన దగ్గర్నుంచీ అది దగ్గుతూనే ఉంది. దగ్గితే దగ్గింది, పంతం పంతమే. పదకొండు నెలలు బావ ఎదురుపడినప్పుడల్లా మొహం తిప్పుకున్నాను. ఒకే కుళాయి దగ్గర, ఒకే తీగ దగ్గర. ఏమే సూదీ, ఏమైందే నీకు అని ఆయనా ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. నన్ను సూది అని పిలిచేది ఆయనొక్కడే. కుట్టుపని చేస్తానని కాదు, నా నోటిని చూసి పెట్టిన పేరు.

అక్క సంగతి నాకంటే ఘోరం. అది రోజుకి వంద మాటలడిగితే ఆయన రెండింటికి జవాబిచ్చేవాడు, అందులో ఒకటి తప్పు. అన్నం వడ్డించనా అంటే రేపు చూద్దాం అనేవాడు. నలుగురూ కూర్చుని నవ్వుకుంటుంటే అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా నవ్వి, లేచి షెడ్డులోకి పోయేవాడు. షెడ్డు గుమ్మంలో మోటారు సన్నగా మూలిగితే పట్టేసే మనిషికి పెళ్లాం మాట మాత్రం వినపడదు. కావాలనే. పేరు పెరిగేసరికి ఆయనకి పొగరు పెరిగిందని, ఇంట్లో ఆడవాళ్లు కంటికి ఆనడం లేదని మేమిద్దరం తేల్చేశాం. తేల్చింది నేనే అనుకోండి, అక్క తలూపింది.

ఎండాకాలం చివర్లో అక్క తెగించింది. గోడతో కాపురం చేయడం తన వల్ల కాదని, కూతురి దగ్గరికి వెళ్లిపోతానని, అదీ చూసి రావడానికి కాదు, ఉండిపోవడానికేనని చెప్పింది. ఆపై రెండో ఆదివారం బస్సుకి టికెట్టు తీసుకుంది. అటక మీది నీలం పెట్టె దింపి, దులిపి, బట్టలు సర్దడం మొదలుపెట్టింది. బావకి చెప్పావా అంటే, నాలుగుసార్లు చెప్పాను, తల కూడా ఎత్తలేదు అంది. నేను చెల్లెల్ని కదా, వెళ్లొద్దని గడ్డం పట్టుకుని బతిమాలాల్సింది. బతిమాలలేదు. పైగా పెట్టె పట్టీ తెగిపోతే కుట్టిపెట్టాను.

ఆ వారమే మొదటి వాన పడింది. మర్నాడు పొద్దున పెరట్లోకి వెళితే నేలంతా చిల్లులు. ఎవరో చిటికెన వేలితో పొడిచినట్టు వందల చిల్లులు. కుళాయి గొట్టం మీద, గోడ మీద, చీపురు కర్ర మీద, బావ షెడ్డు రేకుల మీద గోధుమరంగు డొల్లలు అంటుకుని ఉన్నాయి. వీపులు చీలిపోయి, లోపల ఎవరూ లేరు. అక్క ఆరేసిన జాకెట్టు మీద వరసగా ఏడున్నాయి, గుండీల్లాగా. ఇన్నేళ్లుగా గుండీలు కుడుతున్నాను, నాకెప్పుడూ అంత వరస కుదరలేదు.

ఆ డొల్లల్లోంచి బయటికొచ్చినవన్నీ చెట్లెక్కి కూర్చున్నాయి. మా పెరట్లో రెండు పెద్ద చెట్లున్నాయి, ఏం చెట్లని అడక్కండి, కాయవు, పూయవు, ఆకులు మాత్రం రోజుకో బుట్టెడు రాలుస్తాయి. ఒక్కో కొమ్మకీ బొటనవేలంత పురుగులు, గాజురెక్కలు, మొహానికి చెరో పక్కా మిడిగుడ్లు. పక్కింటి రిటైరైన హెడ్మాస్టరు కళ్లజోడు సవరించుకుంటూ వచ్చి, ఇవి కీచురాళ్లని, రాత్రిళ్లు స్నానాలగదిలో కూసే బుల్లివి కావని, చెట్లెక్కే పెద్దజాతివని, ఏళ్ల తరబడి భూమిలో ఉండి పెళ్లి చేసుకోవడానికి మాత్రమే పైకొస్తాయని క్లాసు తీసుకున్నాడు. అరిచేవన్నీ మగవేనట, ఆడవి నోరెత్తవట.

అక్క డొల్లలు ఊడుస్తూ ఊడుస్తూ ఆగింది. "మగవే అరుస్తాయా మాస్టారూ? అయితే ఒకదాన్ని పట్టుకొచ్చి మా షెడ్డులో ఉన్నదానికి కాస్త నేర్పించమనండి" అంది.

హెడ్మాస్టరు నవ్వుతూ తలెత్తాడు. అదే ఆయన చేసిన పొరపాటు. పైనుంచి సన్నగా తుంపర పడింది. ఎండలో వాన, ఎంత చల్లగా ఉందో అని బట్టతల నిమురుకున్నాడు. వాన కాదు మాస్టారూ, చెట్ల రసం తాగీ తాగీ అవి పని కానిస్తున్నాయని నేనే చెప్పాను. ఆ రోజు నుంచి ఆయన గొడుగు లేకుండా మా పెరట్లోకి రాలేదు.

మూడో రోజున గోల మొదలైంది. పొద్దున ఎండ చెట్ల నడుము దాకా రాగానే ఒకటి అందుకునేది. దాని వెంట ఇంకోటి. పొయ్యి మీద టీ నీళ్లు మరిగేలోపు రెండు చెట్లూ ఏకమైపోయి, కొయ్యలు కోసే మిల్లులో కూర్చున్నట్టే ఉండేది. నా మిషను తిరుగుతోందో లేదో చెయ్యి పెట్టి చూసుకోవాల్సి వచ్చింది. పక్కన నిలబడ్డ మనిషితో మాట్లాడాలన్నా గొంతు చించుకోవాల్సిందే. ఉప్పు ఉందా అని అడగడానికి కూడా పోట్లాటకి దిగినట్టు అరిచేవాళ్లం. రెండు రోజుల్లో నా గొంతు బొంగురుపోయింది. కొలతలివ్వడానికొచ్చిన ఆడవాళ్లు నడుము చుట్టుకొలత అరిచి చెప్పలేక వెనక్కి వెళ్లిపోయారు. హెడ్మాస్టరు గొడుగేసుకుని వచ్చి, చెట్లు కొట్టించకపోతే మునిసిపాలిటీకి అర్జీ పెడతానని కాగితం మీద రాసి చూపించాడు.

ఈ గోలలో హాయిగా ఉన్నది ఒక్క బావే. అదే నాకు ఒళ్లు మండించింది. ఊరంతా చెవుల్లో దూది కుక్కుకుని తిరుగుతుంటే, ఈయన షెడ్డులోంచి స్టూలు బయటికి లాగి, చెట్టు కింద వేసుకుని, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని పనిచేసుకునేవాడు. అంతే కాదు, మాట్లాడటం మొదలుపెట్టాడు. హెడ్మాస్టరు అర్జీ గురించి అరిస్తే, చెట్లు కొట్టేస్తే మీకు వాన ఎక్కడ దొరుకుతుంది మాస్టారూ అని అందరికంటే ముందు నవ్వాడు. మోటారు తెచ్చినవాళ్లతో గంటలకొద్దీ కబుర్లు. ఒకరోజు అక్క వంటింటి గుమ్మంలో నిలబడి, అలవాటు కొద్దీ, కూరేం చేయమంటారండీ అని కేకేసింది.

బావ తలెత్తాడు. "ఏదైనా చెయ్యి. ఉప్పు మాత్రం తగ్గించు. రెండేళ్లుగా ఎక్కువేస్తున్నావు."

అక్క చేతిలో గిన్నె జారింది. రెండేళ్ల తర్వాత మొగుడు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పాడు, అదీ వంకపెడుతూ. దాని మొహం వెలిగిపోయింది. ఉప్పు తగ్గించింది. తర్వాత పూట నీళ్లు తోడమంటారా అని అరిచింది, తోడమన్నాడు. ఆ తర్వాత అవసరం ఉన్నవీ లేనివీ అన్నీ అరిచి అడగడం మొదలుపెట్టింది. ఆయన అన్నిటికీ జవాబు చెప్పాడు. బుధవారం నాడు నేను వెళ్లేసరికి పెట్టెలోంచి దువ్వెన బయటికొచ్చింది. గురువారం కళ్లజోడు. శుక్రవారం బావ గదిలోకి తొంగిచూసి, పెట్టె ఎందుకు దింపావని అడిగాడట. ఊరెళుతున్నానని అరిచిందట. ఎన్నాళ్లకి అన్నాడట. దానికి జవాబు మాత్రం వీధంతా వినేలా అరవడానికి నోరు రాలేదట.

నేను దాన్ని హెచ్చరించాను. ఇదంతా నాటకమని, బస్సు టికెట్టు చూసి భయపడి వేషాలేస్తున్నాడని, నువ్వు పెట్టె విప్పిన మర్నాడే మళ్లీ గోడైపోతాడని చెప్పాను. అక్క నా మాట వినీ విననట్టు దువ్వెన తీసుకుని తల దువ్వుకుంది.

శనివారం వచ్చింది. బస్సు మర్నాడు పొద్దున. మధ్యాహ్నం బావ పెరట్లో స్టూలు మీద మాకు వీపు పెట్టి కూర్చుని, ఎవరిదో నీళ్ల మోటారుతో కుస్తీ పడుతున్నాడు. నేను తీగ మీద బట్టలు తీస్తున్నాను. అక్క వంటింటి గడప మీద కూర్చుని ఉంది. ఇంతలో పెద్ద మబ్బు వచ్చి ఎండని మింగేసింది. ఎవరో మెయిన్ ఆఫ్ చేసినట్టు, పురుగులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

పది రోజుల తర్వాత పట్టపగలు వచ్చిన నిశ్శబ్దం. నా ఊపిరి నాకే వినిపించింది. అవతలి వీధిలో సైకిలు గంట వినిపించింది. అక్క ఆ నిశ్శబ్దం కోసమే కాచుక్కూర్చుందేమో, మామూలు గొంతుతో, ఇంకా కొంచెం తగ్గించి, "ఏమండీ, రేపు నన్ను వెళ్లొద్దంటారా?" అంది.

బావ కదల్లేదు. నట్టు బిగిస్తున్నాడు, బిగిస్తూనే ఉన్నాడు.

అక్క కాసేపు చూసింది. లేచి లోపలికి వెళ్లింది. దువ్వెన పెట్టెలో పడిన చప్పుడు నాకు బయటికి వినిపించింది.

ఇక నేను ఆగలేకపోయాను. ఒట్టు గట్టున పెట్టి, వెళ్లి ఆయన వీపు వెనక నిలబడ్డాను. మనిషివా, మానువా అని మొదలుపెట్టాను. గొంతు పెంచలేదు, అక్క వింటుందని. కానీ పదకొండు నెలల సరుకంతా దించేశాను. నా మిషను దగ్గు, అక్క కన్నీళ్లు, ఆయన పొగరు, ఆయన డాక్టరుతనం, ఆఖరికి ఆయన బానపొట్ట కూడా వదల్లేదు. ఎవడైనా సగంలోనే స్క్రూడ్రైవరు తీసుకుని మీదికి రావాల్సిన మాటలు. ఆయన నిదానంగా మోటారుకి కరెంటిచ్చి, స్క్రూడ్రైవరు ఆనించి, పిడి కరిచిపట్టి, కళ్లు మూసుకుని చిరునవ్వు నవ్వుకున్నాడు.

నా నోరు దానంతటదే ఆగిపోయింది. ఆ పళ్ల వైపే చూస్తూ ఉండిపోయాను. పక్కనే తీగ కింద సత్తు బకెట్టు ఉంది. దాన్నెత్తి చప్టా మీద పడేశాను. గోడ మీది పిల్లి ఎగిరి పారిపోయింది. అవతలింట్లో హెడ్మాస్టరు ఏమైంది, ఏమైంది అన్నాడు. బావ కనురెప్ప కూడా కదల్లేదు.

అప్పుడు నా నీడ ఆయన చేతుల మీద పడింది కాబోలు, మోటారు ఆపి ఇటు తిరిగాడు. పదకొండు నెలల తర్వాత ఎదురుగా నిలబడ్డ నన్ను చూసి ఆయన మొహం విప్పారింది. నోరంతా తెరిచి, శక్తికొద్దీ అరిచాడు.

"ఏంటే సూదీ? ఈ వెధవ పురుగుల గోలలో ఏమీ వినపడి చావట్లేదు, కాస్త గట్టిగా చెప్పు!"

ఆ కేక వీధి చివరి అసలు డాక్టరుకి కూడా వినిపించే ఉంటుంది. చెట్ల మీద ఒక్క పురుగు కూడా కిమ్మనలేదు.

అక్క కళ్లజోడు చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. నేను దాన్ని చూశాను, అది నన్ను చూసింది. బావ మా ఇద్దరినీ చూశాడు. మెల్లగా తలెత్తి కొమ్మల వైపు చూశాడు. మళ్లీ మా మొహాలు చూశాడు. జేబు కొడుతూ దొరికిపోయినవాడి మొహం పెట్టాడు. ముప్పై ఏళ్లుగా నేను ఎరిగిన మనిషిని అలా చూడలేక నేను బట్టల తీగ వైపు తిరిగాను.

"ఆగిపోయాయా?" అన్నాడు, ఈసారి చాలా చిన్నగా. "ఎప్పుడాగాయి?"

అక్క గడప దిగి వచ్చింది. ఆయన పక్కన నిలబడి, చెవి దగ్గరికి వంగి, పురుగులకి పోటీగా అరిచినట్టే అరిచింది.

"ఎక్కడాగాయండీ? నా చెవులు చిల్లులు పడిపోతున్నాయి! నేను ఊరెళ్లడం లేదు, వినపడిందా?"

పురుగుల మాట అబద్ధమని ముగ్గురికీ తెలుసు. బావ చేతిలోని స్క్రూడ్రైవరుని పాతగుడ్డతో తుడిచాడు. అవసరం లేకపోయినా మళ్లీ తుడిచాడు.

"వినపడింది" అన్నాడు. "అంత అరవకు, పక్కింటివాళ్లు వింటారు."

తర్వాత కొంచెం కొంచెంగా బయటపెట్టాడు. రెండేళ్ల కిందట ఎడమ చెవితో మొదలైందట, ఆ వెనకే కుడిది. స్క్రూడ్రైవరు పిడి చెవికి పెట్టుకుంటే ఏమీ తెలియక, చెమటలు పట్టి, ఏదో ఒకటి చూద్దామని ఒకరోజు పళ్లతో కరిచాడట. మోటారు పుర్రెలో పలికిందట. ఆ రోజు షెడ్డులో ఒక్కడే కూర్చుని ఏడ్చాడట. చెవులు పోయిన డాక్టరు దగ్గరికి మోటార్లు ఎవరు తెస్తారని ఎవరికీ చెప్పలేదు. పెళ్లానికైనా చెప్పొచ్చుగా అంటే, ఆవిడకి చెబితే నీకు తెలుస్తుంది, నీకు తెలిస్తే ఊరికి తెలుస్తుంది అన్నాడు. ఆ మాట నాకు చురుక్కుమంది, కాదనడానికి కూడా లేదు.

నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నానంటే ఆయనే రాసుకోమన్నాడు కాబట్టి. అక్క ఆయన్ని చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఆ డాక్టరు చెవిలో పెట్టుకునే చిన్న మిషను ఇచ్చాడు. అది పెట్టుకున్న గంటలోనే, ఇది కీచురాయిలా కూస్తోంది, దీనికే రోగముందని బావ దాన్ని విప్పాడు. ఆ ముక్కలు ఇప్పటికీ షెడ్డులో సీసా మూతలో ఉన్నాయి.

ఇంకో రెండు వారాలకి కీచురాళ్లు రాలిపోయాయి. చీపురుతో ఊడ్చి ఊడ్చి నా నడుము పడిపోయింది. వీధంతా మళ్లీ మామూలు గొంతులకొచ్చింది, మా పెరడు తప్ప. మేము ఉప్పుకీ పప్పుకీ అరుచుకుంటూనే ఉన్నాం. హెడ్మాస్టరు పురుగుల మీద రాసిన అర్జీలో పురుగులు కొట్టేసి మా పేర్లు రాశాడని విన్నాను. రాసుకోనీ.

పురుగులు పోయిన వారానికి నా కుట్టుమిషను మోసుకెళ్లి బావ ముందు పెట్టాను. ఈసారి వెనకనుంచి కాదు, ఎదురుగా నిలబడి. ఆయన దాన్ని తిప్పి, స్క్రూడ్రైవరు ఆనించి, పిడి కరిచి, మొహం చిట్లించి, దీంట్లో ఏ దరిద్రుడు చెయ్యి పెట్టాడే అని అడిగాడు. పక్కవీధి మేస్త్రి పేరు చెప్పడానికి సిగ్గేసింది. దానికి బదులు, ఇన్నాళ్లూ గొంతులో ఇరుక్కున్నదాన్ని అరిచేశాను.

"పదకొండు నెలలు నీతో మాట మానేశాను బావా! ఎందుకే అని ఒక్కసారైనా అడగాలనిపించలేదా?"

బావ పిడిని పళ్లలోంచి తీశాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"మానేశావా?" అన్నాడు. "నువ్వు మొహం అటు తిప్పుకుని మాట్లాడుతూనే ఉన్నావనుకున్నాను సూదీ. నాకే వినపడటం లేదనుకున్నాను."

నేను కుళాయి దగ్గరికెళ్లి ముక్కు చీది, మొహం కడుక్కుని వచ్చాను. వెనక బేరింగు పోయిందట. రేపు ఇస్తానన్నాడు.